ఎగ్జిమా పిల్లకి పొక్కులొస్తే ‘అమ్మవారు’ అని ఆగిపోకండి

చర్మం సంగతులు: పాఠకుల ప్రశ్నలు, చర్మవైద్యుల జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలామంది ఒకటే అడిగారు: ఏళ్ల తరబడి వదలని ఈ చర్మవ్యాధికి ఏదైనా వైరస్ కారణమా? అన్ని జబ్బులకీ కలిపి ఒకే జవాబు ఇవ్వడం కుదరదు. కొన్నిటిలో వైరస్ నిప్పురవ్వలాంటిది, కొన్నిటిలో తలుపు తెరిచి ఉంది కదా అని చొరబడే దొంగ. మరికొన్నిటిలో దానికీ జబ్బుకీ సంబంధమే లేదు. అందుకే ఉత్తరాలవారీగా చెబుతున్నాం.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. ఏడాది నిండినప్పటి నుంచీ మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా (చర్మం ఎండి, పగిలి, దురదపెట్టే జబ్బు) ఉంది. పోయిన నెల మొహం మీదా మెడ మీదా ఒక్కసారిగా చిన్న చిన్న పొక్కులు లేచి జ్వరం వచ్చింది. మా అత్తగారు అమ్మవారు పోసిందని వేపమండలు పరిచి, మందులేవీ వేయవద్దన్నారు. మూడో రోజుకి పాప పాలు కూడా ముట్టలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే హెర్పిస్ అన్నారు, సెలైన్‌లో మందు ఎక్కించి వారం రోజులు ఉంచుకున్నారు. చిన్నపిల్లకి హెర్పిస్ ఎలా వస్తుంది? మళ్లీ వస్తే ఎలా గుర్తుపట్టాలి? (ఒక తల్లి, తణుకు)

జవాబు: అమ్మా, ముందు ఆ ‘హెర్పిస్’ అన్న మాట మనసులోంచి తీసేయండి. మీ పాపకి వచ్చింది సిగ్గుపడాల్సిన జబ్బు కాదు. జ్వరం వచ్చినప్పుడు పెద్దవాళ్ల పెదవి చివర నాలుగు నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి చూడండి, ఆ పొక్కుల్లో ఉండే వైరస్సే ఇది. దాని పేరు హెర్పిస్ సింప్లెక్స్ 1. ఆ పొక్కు ఉన్నవాళ్లు బిడ్డని ముద్దు పెట్టుకున్నా, తమ తువ్వాలుతో మూతి తుడిచినా అంటుకుంటుంది. మామూలు చర్మం మీద అది ఒకచోటే లేచి ఆరిపోతుంది. ఎగ్జిమా చర్మం మీద మాత్రం ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టు పాకుతుంది. దీన్ని ఎగ్జిమా హెర్పెటికమ్ అంటారు. వియన్నాలో పనిచేసిన మోరిట్జ్ కపోసీ 1887లోనే దీన్ని వర్ణించాడు.

ఎందుకు పాకుతుందంటే, ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మంలో రెండు లోపాలుంటాయి. ఒకటి గోడ లోపం. చర్మం పైపొర కణాలని గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీను కొందరిలో పుట్టుకతోనే తక్కువ, మిగతావాళ్లలో వాపు వల్ల తగ్గుతుంది. రెండోది కాపలా లోపం. చర్మం తనంతట తానే క్రిములని చంపే చిన్న ప్రొటీన్లని తయారుచేసుకుంటుంది. ఎగ్జిమాలో ఉండే అలర్జీ తరహా వాపు ఆ ఉత్పత్తిని అణిచేస్తుంది. గోడా పగిలి, కాపలావాడూ నిద్రపోతే వైరస్‌కి అడ్డేముంది?

ఇక గుర్తుపట్టడం. ఈ ఒక్కటి బాగా చూసుకోండి, ఎందుకంటే ఇక్కడ పోయే ప్రతి పూటా లెక్కలోకి వస్తుంది. పొక్కులన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే సైజులో, 2 నుంచి 3 మిల్లీమీటర్లలో ఉంటాయి. చాలావాటికి నడుమ చిన్న నొక్కు కనిపిస్తుంది. ఎగ్జిమా ఉన్న చోటనే ముందు గుంపులుగా లేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చిట్లి, కాగితానికి పంచింగ్ మిషన్ వేస్తే పడే రంధ్రాల్లాగా గుండ్రటి పుళ్లు మిగులుతాయి. వాటి మీద ముదురు రంగులో, రక్తం కలిసిన పక్కు కడుతుంది. అన్నిటికన్నా నమ్మదగిన మాట పిల్ల నోటి నుంచే వస్తుంది. రోజూ ‘దురద’ అని గోకే బిడ్డ ఆ రోజు ‘నొప్పి’ అంటుంది, ముట్టుకోనివ్వదు. జ్వరం, మెడలో బిళ్లలు, తిండి మానేయడం కూడా తోడవుతాయి.

అమ్మవారిలో, అంటే ఆటలమ్మలో, ఇలా ఉండదు. పొక్కులు ఎక్కువగా పొట్టా వీపుల మీద మొదలవుతాయి, తలలో కూడా లేస్తాయి. ఒకే చోట ఎర్రమచ్చ, నీటిపొక్కు, ఎండిన పక్కు మూడూ కలిసి కనిపిస్తాయి. ఎగ్జిమా ఉన్నచోటూ లేనిచోటూ అని తేడా పెద్దగా ఉండదు. తేనె రంగులో జిగటగా ఎండిన పక్కు ఉంటే అది స్టాఫ్ అనే బాక్టీరియా. కాకపోతే హెర్పిస్ పుళ్ల మీద ఆ బాక్టీరియా కూడా చేరడం మామూలే కాబట్టి, తేనె రంగు పక్కు కనబడిందని వైరస్ లేదనుకోకూడదు. యాంటీబయాటిక్ వేసి రెండు రోజులైనా పుళ్లు పెరుగుతుంటే ఈ పొరపాటే జరిగి ఉంటుంది. చేయి, కాలు, నోటి పొక్కుల జబ్బు తెచ్చే కాక్సాకీ ఎ6 వైరస్ కూడా ఎగ్జిమా మచ్చల మీదే గుంపుగా పొక్కులు లేపుతుంది. అది చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. కొన్ని వారాల తర్వాత గోళ్లు ఊడివచ్చినా మళ్లీ మొలుస్తాయి. వచ్చింది కాక్సాకీయో, హెర్పిస్సో ఇంట్లో తేల్చుకోవద్దు.

పొక్కు అడుగు గీరి పీసీఆర్ పరీక్షకి పంపితే హెర్పిస్ అవునో కాదో తేలుతుంది. కానీ ఆ రిపోర్టు కోసం మందు ఆపకూడదు. అనుమానం బలంగా ఉంటే ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు వెంటనే మొదలుపెట్టాలి. ఆలస్యమైన కొద్దీ ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు పెరుగుతాయి. పసిపిల్లలకీ, జ్వరంతో తిండి మానేసినవాళ్లకీ బరువుని బట్టి లెక్కకట్టి 8 గంటలకోసారి నరంలోకి ఇస్తారు. ఒంట్లో బాగానే ఉండి, జబ్బు కొద్దిచోట్లే ఉన్న పెద్దవాళ్లకి తరచుగా ఇచ్చేది 400 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకి 5 సార్లు, వారం నుంచి పది రోజులు. ఈ మందు మూత్రపిండాల్లో గడ్డకట్టకుండా నీళ్లు బాగా తాగాలి. మందుల షాపులో దొరికే ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ ఇక్కడ చాలదు. అది రాసుకుంటూ కూర్చుంటే కాలం వృథా. కంటి రెప్ప మీద గానీ, కంటి చుట్టూ గానీ పొక్కు ఉంటే అదే రోజు కంటి డాక్టరు చూడాలి. నల్లగుడ్డు మీద పుండు పడి మచ్చ మిగిలితే చూపు తగ్గుతుంది.

ఇంట్లో చేయాల్సినవి: పచ్చి పుళ్ల మీద వేపాకు రుద్దడం, పసుపు ముద్ద పట్టించడం వద్దు, చర్మం ఇంకా రేగుతుంది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి మెత్తగా అద్దండి. తువ్వాలు, దిండు గలీబు వేరుగా పెట్టండి. మాయిశ్చరైజర్ డబ్బాలో వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోండి. వైరస్ మందు పనిచేయడం మొదలయ్యేదాకా పచ్చి పుళ్ల మీద స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ ఆపి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి. అత్తగారిని నొప్పించాల్సిన పనీ లేదు. వేపమండ గుమ్మానికి కట్టుకోవచ్చు, ఆస్పత్రికి మాత్రం అదే పూట బయల్దేరాలి.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఎగ్జిమాని అదుపులో పెట్టడమే అన్నిటికన్నా గట్టి రక్షణ. చాలామంది తల్లులు ‘స్టిరాయిడ్’ అన్న మాటకి భయపడి ఆయింట్‌మెంట్ సగంలో మానేస్తారు, పగిలిన చర్మం అలాగే ఉండిపోతుంది. కొలత తెలిస్తే భయం తగ్గుతుంది: పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబులోంచి తీస్తే సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకి అది సరిపోతుంది. డాక్టరు రాసిన బలంలో, చెప్పిన రోజులు, అంతే రాయండి. ఇక పెదవి మీద పొక్కు ఉన్న తాతయ్యా అమ్మమ్మా మామయ్యా అందరూ అది పూర్తిగా ఎండేదాకా బిడ్డని ముద్దుపెట్టుకోకూడదు. ఇది గట్టిగా చెప్పే హక్కు మీకుంది.

ప్రశ్న: అలాంటప్పుడు వైరస్ మందు ఆరు నెలలు వాడితే ఎగ్జిమా మొదలంటా పోతుందా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: పోదు. ఎగ్జిమాకి మూలం చర్మపు గోడలో, అలర్జీ తరహా వాపులో ఉంది. హెర్పిస్ ఆ లోపాన్ని వాడుకునేదే తప్ప దాన్ని పుట్టించేది కాదు. మాటిమాటికీ ఎగ్జిమా హెర్పెటికమ్ వచ్చే కొద్దిమందికి మాత్రం అది మళ్లీ రాకుండా కొన్నాళ్లు తక్కువ మోతాదులో మాత్ర ఇస్తాం. అది ఎగ్జిమాకి వైద్యం కాదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మోచేతుల మీద కొద్దిపాటి సోరియాసిస్ పదేళ్లుగా ఉంది, పెద్దగా బాధించలేదు. చికున్‌గున్యా వచ్చి తగ్గాక మూడు వారాల్లో ఒళ్లంతా పొలుసులు లేచాయి. కీళ్లనొప్పులకి మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, మాత్రలు వాడాను. అవి వాడినన్నాళ్లు చర్మం కూడా బాగుంది, మానగానే ఇంకా ఎక్కువైంది. ఆ వైరస్ నా ఒంట్లోనే ఉండిపోయిందా? (రైతు, నిజామాబాద్ జిల్లా)

జవాబు: వైరస్ ఉండిపోవడం వల్ల కాదండీ. మీ ఉత్తరంలో మూడు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చెబుతాం.

మొదటిది వైరస్ పాత్ర. సోరియాసిస్ వచ్చే గుణం పుట్టుకతో జన్యువుల్లో ఉంటుంది. వైరస్ ఒంట్లోకి రాగానే శరీరం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. అది వైరస్‌ని అడ్డుకోవడానికే, కానీ సోరియాసిస్ గుణం ఉన్నవాళ్ల చర్మంలో వాపుని రాజేసే మీట కూడా అదే. ఇది ఊహ కాదు. ఒకప్పుడు హెపటైటిస్-సి వైద్యంలో ఇంటర్‌ఫెరాన్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చేవాళ్లు. అది తీసుకున్నవాళ్లలో కొందరికి సోరియాసిస్ కొత్తగా పుట్టింది, ఉన్నవాళ్లలో ముదిరింది. చికున్‌గున్యా తర్వాత సోరియాసిస్ రేగడం మన దేశంలో చర్మవైద్యులు గమనించి రాసినదే. 2005-06లో ఆ జ్వరం ఆంధ్రప్రదేశ్‌ని, చుట్టుపక్కల రాష్ట్రాలని ఊపేసినప్పుడు ముక్కు మీద నల్లమచ్చలతో పాటు ఇదీ కనిపించింది. జ్వరం వెళ్లిపోతుంది, అది రాజేసిన మంట మాత్రం తనదారిన తాను నడుస్తుంది. గొంతునొప్పి తర్వాత రెండు మూడు వారాలకి ఒళ్లంతా చినుకులు పడ్డట్టు చిన్న మచ్చలతో వచ్చే సోరియాసిస్ వేరు. దానికి కారణం వైరస్ కాదు, స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా.

రెండోది మందులు, మీ విషయంలో మాకు ఎక్కువ ఆందోళన దీని గురించే. అలా వాడగానే చర్మమూ కీళ్లూ రెండూ బాగుపడి, మానగానే విజృంభించాయంటే వాటిలో స్టిరాయిడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ‘డెక్సా’ పేరుతో గానీ, రంగు మాత్రల పొట్లంలో పేరు లేకుండా గానీ అదే ఇస్తుంటారు. సోరియాసిస్ ఉన్నవాళ్లకి స్టిరాయిడ్ ఇచ్చి హఠాత్తుగా ఆపితే జబ్బు ఎగదన్నడమే కాదు, ప్రాణం మీదికి తెచ్చే రూపంలోకి మారవచ్చు. ఎర్రబడ్డ చర్మం మీద గుండుసూది తలంత చీముపొక్కులు వందల్లో లేచి, చలితో వణుకు, జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్ అనుకుని ఊళ్లో ఆగకండి. వెంటనే జిల్లా ఆస్పత్రికి వెళ్లండి. ఒళ్లంతా ఎర్రబడి వేడెక్కి పొట్టు రాలుతున్నా అంతే. మీరింకా ఆ మాత్రలు వాడుతుంటే ఒక్కరోజులో మానేయకుండా, మిగిలిన మాత్రలూ ఖాళీ అట్టలూ పట్టుకుని చర్మవైద్యుడి దగ్గరకి వెళ్లండి, మెల్లగా తగ్గించే పద్ధతి చెబుతారు. కీళ్లనొప్పులకి క్లోరోక్విన్ గానీ, హైడ్రాక్సీక్లోరోక్విన్ గానీ రాశారేమో కూడా చూడండి. చికున్‌గున్యా నొప్పులకి అవి వాడటం ఉంది, కొందరిలో సోరియాసిస్‌ని రేపేవీ అవే.

మూడోది కీళ్లు. చికున్‌గున్యా నొప్పి నెలల తరబడి ఉండొచ్చు. కానీ సోరియాసిస్ ఉన్న మీకు సోరియాసిస్ కీళ్లవాతం కూడా అదే ముసుగులో రావచ్చు. సూదితో పొడిచినట్టు గోళ్ల మీద చిన్న గుంటలున్నాయా, ఒక వేలు మొత్తం వంకాయలా ఉబ్బిందా, మడమ వెనక నొప్పి ఉందా, పొద్దున లేవగానే బిగుతు అరగంట దాటుతోందా చూసుకోండి. వీటిలో ఏ ఒక్కటున్నా కీళ్ల వైద్యుడిని కలవండి, ఆలస్యమైతే కీలు అరిగిపోయి తిరిగి రాదు.

ఇంకో మాట, ఇది మిమ్మల్ని అనుమానించి కాదు. సోరియాసిస్ హఠాత్తుగా తీవ్రమైనప్పుడు ఒక్కసారి హెచ్ఐవీ పరీక్ష చేయించమని ఎవరికైనా చెబుతాం. హెచ్ఐవీలో రోగనిరోధక కణాలు తగ్గుతుంటే సోరియాసిస్ తగ్గాల్సింది పోయి మరీ పెరుగుతుంది, మందులు మొదలుపెట్టాక దిగుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఫలితం రహస్యంగా ఉంచుతారు.

ప్రశ్న: నోట్లో రెండు బుగ్గల లోపలా తెల్లటి గీతలు, పచ్చడి తింటే భగ్గున మంట. లైకెన్ ప్లానస్ అన్నారు, హెపటైటిస్-సి పరీక్ష రాశారు. నోటికీ లివర్‌కీ ఏమిటి సంబంధం? (గృహిణి, విశాఖపట్నం)

జవాబు: సంబంధం ఉంది, అన్ని దేశాల్లో ఒకేలా లేదు. లైకెన్ ప్లానస్‌లో మన తెల్లకణాలే చర్మపు అడుగుపొర మీద దాడిచేస్తాయి. అద్దం ముందు బుగ్గ పక్కకి లాగి చూస్తే సన్నటి ముగ్గు గీతల్లాంటి వల కనబడేది అందుకే. 1989లో హెపటైటిస్-సి వైరస్‌ని కనుగొన్న తర్వాత ఇటలీలో, జపాన్‌లో ఈ జబ్బున్న చాలామందిలో ఆ వైరస్ బయటపడింది. బ్రిటన్ లాంటి చోట్ల అంతగా కనిపించలేదు. మన దగ్గరా సంబంధం బలంగా లేదు. మరి పరీక్ష ఎందుకంటే, హెపటైటిస్-సి ఏ బాధా పెట్టకుండా లివర్‌ని ఏళ్ల తరబడి తినేస్తుంది, దొరికితే నయం చేసే మందు చేతిలో ఉంది. ముందు యాంటీబాడీ పరీక్ష. అది పాజిటివ్ అయితే రక్తంలో వైరస్ ఇంకా ఉందో లేదో తేల్చే ఆర్ఎన్ఏ పరీక్ష. వైరస్ ఉంటే చాలామందికి 12 వారాల మాత్రల కోర్సు సరిపోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం.

ఒకటి ముందే చెప్పాలి. లివర్‌లో వైరస్ పోయినంత మాత్రాన నోటి గీతలు తప్పకుండా పోతాయని లేదు, వాటి వైద్యం వాటిదే. ట్రయామ్సినోలోన్ అనే స్టిరాయిడ్ పేస్టు అన్నం తిన్నాక, పడుకునే ముందు తడి తుడిచి పూసి అరగంట ఏమీ తాగకండి. రెండు మూడు వారాల వాడకంలో గీరితే ఊడివచ్చే పెరుగులాంటి తెల్లపూత వస్తే అది జబ్బు పెరగడం కాదు, ఫంగస్. దానికి మందు వేరు. కారం, పులుపు, కరకరలాడే అప్పడాలు తగ్గించండి, గరుకైన పన్ను ఉంటే నునుపు చేయించండి. ఎసైక్లోవిర్ దీనికి పనిచేయదు.

మీది విశాఖ కాబట్టి ఇంకొక మాట. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం), గుట్కా, జర్దా అలవాటున్నవాళ్ల నోట్లో తెల్లమచ్చని చూడగానే లైకెన్ ప్లానస్ అనుకోకూడదు, అది కాన్సర్‌కి ముందు మచ్చ కావచ్చు. లైకెన్ ప్లానస్ కూడా కొద్దిమందిలో ఏళ్ల తర్వాత కాన్సర్‌గా మారుతుంది. ఆరు నెలలకోసారి నోరు చూపించుకోండి. మానని పుండు, గట్టిపడ్డ చోటు కనిపిస్తే ముక్క పరీక్ష చేయించాలి.

ప్రశ్న: సోరియాసిస్‌కి బయోలాజిక్ ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు. ముందు హెపటైటిస్, హెచ్ఐవీ, టీబీ పరీక్షలన్నీ రాశారు. నాకేమీ లేదు కదా, ఎందుకిన్ని? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: ఈ మందులు రోగనిరోధక శక్తిలో కొన్ని దారులని మూసేస్తాయి. ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్-బి వాటి కింద లేచి కూర్చుంటే లివర్ దెబ్బతింటుంది. అందుకే ఇప్పుడు వైరస్ ఉందా అని చెప్పే హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరీక్ష ఒక్కటే చాలదు. గతంలో వచ్చిపోయిందా అని చెప్పే కోర్ యాంటీబాడీ పరీక్ష కూడా రాశారో లేదో చీటీలో చూడండి, చాలాసార్లు ఇదే మర్చిపోతారు. వైరస్ ఉన్నట్టు తేలితే వైద్యం ఆగిపోదు, దాన్ని అణిచిపెట్టే మాత్ర ముందు మొదలుపెట్టి ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. ఏమీ లేకపోతే హెపటైటిస్-బి టీకా వేయించుకోండి, 0, 1, 6 నెలల్లో 3 మోతాదులు. 50 దాటినవాళ్లూ, జాక్ నిరోధకాలనే మాత్రలు మొదలుపెట్టబోయేవాళ్లూ సర్పికి వచ్చిన కొత్త టీకా గురించి అడగాలి, ఆ మాత్రలతో సర్పి ఎక్కువగా వస్తుంది. అది 2 నుంచి 6 నెలల తేడాతో 2 మోతాదులు. అది బతికున్న వైరస్ టీకా కాదు కాబట్టి మందు వాడుతూ కూడా వేయించుకోవచ్చు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా, ఆటలమ్మ టీకా, ఆఫ్రికా ప్రయాణానికి అడిగే ఎల్లో ఫీవర్ టీకా మాత్రం బతికున్న వైరస్‌లు. వాటిని మందు మొదలుపెట్టడానికి కనీసం 4 వారాల ముందే ముగించుకోవాలి.

మెథోట్రెక్సేట్ మాత్ర కూడా రాసి ఉంటే అది వారానికి ఒకే రోజు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ గీత గీయండి.

ప్రశ్న: ఎగ్జిమా ఉన్న బాబుకి టీకాలు వేయించవచ్చా? ఎగ్జిమా ఉంటే వద్దని మా పెద్దమ్మ అంటోంది. (ఒంగోలు)

జవాబు: మీ పెద్దమ్మ మాట వెనక ఒక నిజం ఉంది. పాత మశూచి టీకాలో బతికున్న వైరస్ ఎగ్జిమా పిల్లల ఒళ్లంతా పాకి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. మశూచి అంతరించిందని 1980లో ప్రకటించారు, ఆ టీకా ఇప్పుడు పిల్లల పట్టికలో లేదు. ఇప్పటి పట్టికలోని టీకాలన్నీ వేళకి వేయించండి. ఎగ్జిమా రేగి ఉన్న చోట కాకుండా బాగున్న చర్మం మీద సూది వేయమనండి.

ప్రశ్న: ఎగ్జిమా ఉన్న మా బాబు పొట్ట మీద ముత్యాల్లాంటి పులిపిర్లు ఇరవై దాకా లేచాయి. ఇప్పుడు కొన్నిటి చుట్టూ ఎర్రగా వాచింది. దారం కట్టమంటున్నారు. (ఖమ్మం)

జవాబు: కట్టవద్దు, గిల్లవద్దు. నడుమ నొక్కున్న ఆ ముత్యాలు మొలస్కమ్, పాక్స్ జాతి వైరస్. గోకినకొద్దీ గోటితో పాటు వైరస్ పక్కకి పాకి వరసగా లేస్తాయి. చుట్టూ ఎర్రబడటం చాలాసార్లు మంచి కబురే, శరీరం ఆ వైరస్‌ని గుర్తుపట్టి తరిమేస్తోందన్నమాట. చీమూ జ్వరమూ లేకపోతే యాంటీబయాటిక్ అక్కర్లేదు. చాలామందిలో 6 నుంచి 18 నెలల్లో మచ్చ లేకుండా పోతాయి. చుట్టూ ఉన్న ఎగ్జిమాకి డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంట్ కొద్దిరోజులు రాయండి, దురద తగ్గితే గోకడం తగ్గుతుంది. బడి మాన్పించనక్కర్లేదు. చొక్కా కప్పేలా వేయండి, తువ్వాలూ స్నానపు పీచూ వాడివి వాడికే ఉంచండి, గోళ్లు ఆదివారం ఆదివారం కత్తిరించండి. రెప్ప అంచున లేస్తే మాత్రం కన్ను ఎర్రబడుతుంది, అక్కడిది తీయించేయాలి.